ఆర్లిస్ కొట్టం తలుపు

ఆర్లిస్ నెల్విక్ తాను ఆట ఆడినన్నాళ్ళూ ఒక్క బంతి కూడా బుట్టలో వెయ్యలేదు. చేతకాక కాదు, వెయ్యనివ్వలేదు. ఆ రోజుల్లో అమెరికాలో అయోవా రాష్ట్రపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ తీరే వేరు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు కోర్టుకు ఆ సగంలో ఉండి బంతులు వేసేవాళ్ళు, ముగ్గురు ఈ సగంలో ఉండి ఎదుటివాళ్ళను వెయ్యనివ్వకుండా ఆపేవాళ్ళు. నడిమి గీత దాటితే తప్పు. ఆర్లిస్ ఆపే ముగ్గురిలో ఒకతె. హైస్కూలు చదివినన్నాళ్ళూ ఆపింది, మోచేతులు కాయలు కాచేదాకా ఆపింది. ఊరి పేపర్లో ఫోటోలన్నీ వేసేవాళ్ళవి. ఒకసారి ఒక ఫోటోలో ఎదుటి పిల్ల మొహం పక్కన ఎవరిదో మోచెయ్యి పడింది. వాళ్ళమ్మ ఆ మోచేతిని గుర్తుపట్టి, అంతమట్టుకే కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది.

"ఆపడం పని కాదూ?" అని ఆర్లిస్ ఇప్పటికీ అడుగుతుంది. ఎవరినంటే వాళ్ళనే అడుగుతుంది. బ్యాంకులో పిల్లనీ, చర్చి పాస్టర్నీ కూడా వదల్లేదు. జవాబు చెప్పేదాకా కదలదు, చెప్పినా ఒప్పుకోదు.

అరవై దాటింది. మీడ్ క్రీక్ కాలేజీ ఆడపిల్లల జట్టుకు ఆమే కోచ్. చిన్న కాలేజీ కనక జట్టు బస్సు తోలేదీ ఆమే, ఆట అయ్యాక చెమట చొక్కాలు ఉతికేదీ ఆమే. మొగుడు వెండెల్ మొక్కజొన్న విత్తనాలు అమ్ముతాడు. ఆట ఉన్న రోజున జిమ్ము గుమ్మం దగ్గర పాప్‌కార్న్ మిషను పెట్టుకుని కూర్చుంటాడు. గెలిచినా ఓడినా వెన్న ఒకేలా పోస్తాడు. ఈ సంసారం ఇన్నేళ్ళు నిలబడిందంటే ఆయన నిదానం వల్లే గాని ఆవిడ నోటివల్ల కాదు.

ఆర్లిస్ జట్టుకు ఎదుటివాళ్ళను బోల్తా కొట్టించే ఎత్తులు నాలుగైదు ఉన్నాయి. కాని ప్రాణం పెట్టుకున్నది ఒక్కదాని మీద. దాని పేరు కొట్టం తలుపు. మీడ్ క్రీక్ చుట్టూ ఉన్న పశువుల కొట్టాలకు పక్కకు జరిగే పెద్ద చెక్క తలుపులుంటాయి కదా, పేరు అక్కణ్ణుంచి వచ్చింది. ఒక బలమైన పిల్ల బుట్టకు కాస్త ఎడంగా, కాళ్ళు పాతినట్టు నిలబడుతుంది. ఆమే తలుపు. ఇంకో పిల్ల ఆమెను భుజంతో రాసుకుంటూ వెనకనుంచి బుట్టవైపు దూసుకుపోతుంది. దూసుకుపోయే పిల్ల వెంటబడి వచ్చే ఎదుటి జట్టు పిల్ల తలుపుకు గుద్దుకుంటుంది. ఆ రెప్పపాటులో దూరం నుంచి బంతి వస్తుంది, పరిగెత్తిన పిల్ల వేస్తుంది. అంతే. ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. ఒక్కటే నియమం: తలుపు కదలకూడదు. ఆ మాట ఆర్లిస్ ప్రాక్టీసులో ఎన్నిసార్లు అంటుందో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. తలుపుకు బంతి రాదు, ఫోటో రాదు, చప్పట్లు రావు. ఆర్లిస్ ఏటా తన జట్టులో అందరికంటే ఇష్టమైన పిల్లను ఏరి మరీ తలుపుగా పెడుతుంది. అది శిక్షో గౌరవమో ఆ పిల్లలకు నాలుగేళ్ళకు గాని అర్థం కాదు.

ఈ ఏడాది తలుపు బ్రిన్ ఓస్ట్రా. పందుల ఫారం వాళ్ళ పిల్ల, భుజాలు ఇంత వెడల్పు. బంతి అందించే పిల్ల జోసీ, పరిగెత్తే పిల్ల కెండ్రా. ముగ్గురికీ చివరి ఏడాది. నవంబరు, డిసెంబరుల్లో ముక్కూ మొహం తెలియని కాలేజీలు వచ్చి ఆడాయి, కొట్టం తలుపుకు గుద్దుకుని పోయాయి. కెండ్రా ఎడాపెడా వేసింది. మీడ్ క్రీక్ జనం కిరాణా కొట్టులో ఆర్లిస్‌ను ఆపి మరీ మెచ్చుకున్నారు.

జనవరిలో కాన్ఫరెన్స్ మొదలైంది. కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగు కాలేజీల గుంపు. చలికాలమంతా వాళ్ళలో వాళ్ళే, వీళ్ళు వాళ్ళింటికి వెళ్ళి ఒకసారి, వాళ్ళు వీళ్ళింటికొచ్చి ఒకసారి, తన్నుకుంటారు. కొత్తవాళ్ళ ముందు ఎవరైనా గొప్పే. పక్కింటివాళ్ళ ముందు గొప్పలు సాగవు. వాళ్ళకు మన బీరువాలో ఏముందో తెలుసు, మనం ఏ చేత్తో తలుపు తీస్తామో తెలుసు. పైగా ఈ కాన్ఫరెన్స్‌లో కోచ్‌లు సగం మంది ఒకప్పుడు ఆర్లిస్ దగ్గర ఆడినవాళ్ళే. ఆవిడ చొక్కాలు తొడుక్కుని, ఆవిడ తిట్లు తిని, ఆవిడ తోలిన బస్సులో నిద్రపోయిన పిల్లలు. ఇప్పుడు ఎదుటి బెంచీలో కూర్చుని, జోసీ చెయ్యి ఎత్తక ముందే "కొట్టం తలుపు! కొట్టం తలుపు వస్తోంది!" అని కేకలు పెడతారు. వాళ్ళలో అందరికంటే గట్టిగా అరిచేది హాక్స్‌ఫర్డ్ కాలేజీ కోచ్ మార్లా ఫ్రీస్. మార్లా తన రోజుల్లో ఆర్లిస్ జట్టులో పరిగెత్తే పిల్ల. తలుపు వెనకనుంచి ఆమె వేసినన్ని బంతులు ఇంకెవరూ వెయ్యలేదు.

జనవరి సగమయ్యేసరికి మీడ్ క్రీక్ కిందినుంచి రెండో స్థానంలో ఉంది. కాలేజీలో ఆటల డైరెక్టర్ గ్రాంట్ కెటెల్‌సన్ ఆర్లిస్‌ను తన గదికి పిలిచాడు. ముప్పై ఐదేళ్ళవాడు, మంచివాడే. ఆ మాట ఆర్లిస్ కూడా ఒప్పుకుంటుంది, మొహం చిట్లించుకుని.

"ఆర్లిస్ గారూ, కోప్పడకుండా వినాలి."

"కోప్పడాలో వద్దో విన్నాక తేల్చుకుంటా. చెప్పు బాబూ."

గ్రాంట్ కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు. "బంతి మన చేతికొచ్చిన ప్రతి వంద సార్లకు ఎన్ని పాయింట్లు వేశామన్నదే అసలు లెక్క. డిసెంబరు దాకా తొంభై ఎనిమిది. కాన్ఫరెన్స్ మొదలయ్యాక డెబ్బై తొమ్మిది."

"పడదూ మరి? నవంబరులో వచ్చినవాళ్ళు మమ్మల్ని ఎప్పుడు చూశారు గనక? వీళ్ళకు నా పిల్లల పుట్టుమచ్చలు కూడా తెలుసు. పోనీ, మార్లా వాళ్ళది పడలేదూ?"

"పడింది. అందరిదీ పడింది. కాన్ఫరెన్స్‌లో అందరికీ పడుతుంది."

"అదే నేనూ అనేది!"

"కాని మనదే అందరికంటే ఎక్కువ పడిందండీ."

లెక్క తప్పు కాదని ఆవిడకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసిన నిజం ఇంకొకరి నోట వినాల్సి వస్తే ఎంత మంటగా ఉంటుందో పడ్డవాళ్ళకు తెలుస్తుంది.

"మొదటి ఎనిమిది జట్లే కాన్ఫరెన్స్ టోర్నమెంటుకు వెళ్తాయి. మనం వెళ్ళి రెండేళ్ళయింది," అన్నాడు గ్రాంట్, బల్ల మీది పెన్నుతో చెప్పుకుంటున్నట్టు. "ఈసారి కూడా వెళ్ళకపోతే మీ కాంట్రాక్టు కొనసాగించరు. కాలేజీ బోర్డు తీర్మానించింది. నేను అడ్డుపడ్డాను, వినలేదు. మీరు ఆ ఒక్క ఎత్తు పక్కన పెట్టి, పిల్లల్ని దూరదూరంగా నిలబెట్టి దూరం నుంచి వేయించే కొత్త పద్ధతి..."

"నా తలుపు పీకెయ్యమంటావ్."

"పీకమనలేదు..."

"అదేలే. నాకు చెవుడు రాలేదు ఇంకా." లేచి నిలబడింది. "బోర్డు వాళ్ళకు చెప్పు. ఫిబ్రవరి ఆఖరుదాకా నేనే కోచ్‌ని. అప్పటిదాకా నా కొట్టానికి నా తలుపే ఉంటుంది."

అంత మాట అని వచ్చింది గాని లోపల గుబులు పట్టుకుంది. ఆ ఉద్యోగం పోతే ఆవిడకు తిండికి లోటు లేదు. కాని ఆ జిమ్ము తప్ప ఆవిడకు వేరే చోటు లేదు. పొద్దున లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియని ఆర్లిస్‌ను వెండెల్ కూడా ఊహించుకోలేడు.

అందుకే జన్మలో చెయ్యని పని ఒకటి చేసింది. కాన్ఫరెన్స్ మొదలు కాగానే కోచ్‌లంతా ఎత్తుల పేర్లు మార్చేస్తారు, ఎదుటివాళ్ళకు అంతుపట్టకూడదని. ఆర్లిస్ ఎప్పుడూ మార్చలేదు. ఈసారి మార్చింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు చేసి తెచ్చే పైల, అంటే పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టెల, పేర్లు పెట్టింది. కొట్టం తలుపు కాస్తా రూబార్బ్ అయింది. ఇంకో ఎత్తు చెర్రీ, మరొకటి గుమ్మడికాయ. పిల్లలు రెండు రోజులు నవ్వుతూనే బట్టీ పట్టారు.

ఆ శనివారం ఆటలో జోసీ "రూబార్బ్!" అని అరిచింది. బ్రిన్‌కు ఠక్కున కుడివైపో ఎడమవైపో గుర్తు రాలేదు. ఆ పేరే ఆమె కాళ్ళకు కొత్త. ఎడమవైపుకు వెళ్ళి నిలబడింది. కెండ్రా కుడివైపు తలుపు ఉందనుకుని దూసుకొచ్చి, లేని తలుపును రాసుకోబోయి బొక్కబోర్లా పడింది. జోసీ విసిరిన బంతి ఎవరికీ అందకుండా పోయి గుమ్మం దగ్గర పాప్‌కార్న్ మిషనులో పడింది. వెండెల్ బంతిని రెండు చేతులా పైకెత్తి, "వెన్న పొయ్యమంటావా ఆర్లీ?" అని కేకేశాడు. జిమ్మంతా ఘొల్లుమంది. ఇంతాచేసి ఎదుటి జట్టు పిల్లలు పేర్లు వినడమే లేదు, వీళ్ళ కాళ్ళు చూసి పసిగడుతున్నారు. పేర్లు మారిస్తే మోసపోయింది సొంత పిల్లలే.

సోమవారం ప్రాక్టీసులో ఆర్లిస్ విజిల్ ఊదింది. "పైలు చర్చిలో తిందాం. దీని పేరు కొట్టం తలుపు. నిన్నా అదే, రేపూ అదే. వినేవాళ్ళను విననివ్వండి."

పిల్లలు కేరింతలు కొట్టారు. ఓడినా సొంత పేరుతో ఓడటంలో ఏదో ఊరట ఉంటుంది. ఆ వారం ఒక ఆట గెలిచారు, తర్వాత ఇంకొకటి. స్థానం ఒక్కో మెట్టూ పైకి జరిగింది.

ఫిబ్రవరిలో పొరుగూళ్ళో ఆడిన ఆటలో ఒక సంగతి జరిగింది. కొట్టం తలుపు నడుస్తోంది. ఎదుటివాళ్ళకు ఇది తెలిసిందే కనక, బ్రిన్‌ను కాయాల్సిన పిల్ల కూడా ముందుగానే వెళ్ళి కెండ్రా దారికి అడ్డంగా నిలబడింది. కెండ్రా మీద ఇద్దరు. బ్రిన్ ముందు పురుగు కూడా లేదు. బ్రిన్ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, బుట్టవైపు నాలుగంగలు వేసింది. జోసీ అది చూసి బంతి ఇచ్చింది. బ్రిన్ మెత్తగా వేసేసింది.

మీడ్ క్రీక్ నుంచి వచ్చిన కొద్దిమందీ, వెండెల్‌తో సహా, లేచి చప్పట్లు కొట్టారు. ఆర్లిస్ బ్రిన్‌ను బెంచీ మీదికి పిలిచేసింది.

"వేశాను కదా కోచ్?" అంది బ్రిన్ రొప్పుతూ.

"వేశావ్. తలుపు కదలకూడదని చెప్పానా లేదా?"

"ఎవరూ లేరు అక్కడ..."

"కూర్చో."

బ్రిన్ కూర్చుంది. ఎదురు చెప్పే పిల్ల కాదు. తువ్వాలు నెత్తిమీద కప్పుకుంది, అంతే. ఆ తువ్వాలు కింద ఏడ్చిందో లేదో మనకు తెలియదు. ఆ ఆట ఓడిపోయారు.

మర్నాడు వెండెల్ చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల పులుసు కాచి, దాల్చినచెక్క రొట్టెలు వేడిచేసి పెట్టాడు. ఆర్లిస్ రొట్టె తుంచుతోంది గాని నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఆ పిల్ల వేసింది కదే?" అన్నాడు వెండెల్.

"వేసింది."

"మరెందుకు దింపావ్?"

"తలుపు అన్నాక నిలబడాలి. ఒకళ్ళు నిలబడితేనే ఇంకొకళ్ళు వేస్తారు. అందరూ బుట్టమీద పడితే నిలబడేదెవరు?"

"నిజమే." వెండెల్ చిల్లీ కలిపాడు. "నువ్వు నాలుగేళ్ళు నిలబడ్డావ్. ఆ గీత దగ్గరికొచ్చి ఆగిపోయి, అవతల ఆడేవాళ్ళను చూస్తుండేదానివి. నేను మెట్లమీద కూర్చుని నిన్ను చూస్తుండేవాణ్ణి. నాకు గుర్తుంది ఆ మొహం."

"ఏం మొహం?"

"నిన్న తువ్వాలు కప్పుకోక ముందు బ్రిన్‌కు ఉన్న మొహమే."

"ఇంక చాలు, తిను," అని కసిరింది ఆర్లిస్. తను మాత్రం తినలేదు.

ఆఖరి ఆట సొంత ఊళ్ళో, మార్లా జట్టు హాక్స్‌ఫర్డ్‌తో. అప్పటికి మీడ్ క్రీక్ తొమ్మిదో స్థానంలో ఉంది. గెలిస్తే ఎనిమిదోది, టోర్నమెంటుకు పోతారు. ఓడితే ఆర్లిస్ ఇంటికి పోతుంది. ఈ సంగతి పిల్లలకు ఆర్లిస్ చెప్పలేదు. కాని మీడ్ క్రీక్‌లో ఎవరైనా ఒక మాట దాచారంటే అది అప్పటికే ఊరంతా పాకిపోయి ఉంటుంది. జిమ్ము కిటకిటలాడింది. గ్రాంట్ పైమెట్టు మీద ఒక్కడూ కూర్చున్నాడు.

ఆటకు ముందు మార్లా వచ్చి ఆర్లిస్‌ను గట్టిగా వాటేసుకుంది. "కోచ్, నేను విన్నది నిజమేనా?"

"నిజమే. అయితే?"

"నాకు బాధగా ఉంది."

"బాధపడి మెల్లిగా ఆడించావనుకో, అందరి ముందూ చెవి మెలేస్తా."

మార్లా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "మెల్లిగానా? మీరు నేర్పలేదుగా కోచ్ అది." ఇంకో మాట అనకుండా ఉండలేకపోయింది. ఎంతైనా ఆర్లిస్ పెంచిన పిల్ల. "మొన్న ఆ పెద్దపిల్ల కదిలిందట, మీరు దింపేశారట. వీడియో చూసి మా పిల్లలకు చెప్పాను, ఆవిడ మారదు, తలుపును చూడక్కర్లేదు అని."

"పో, పోయి నీ బెంచీలో కూర్చో," అంది ఆర్లిస్. మొహం ఎర్రబడింది.

ఆట మొదలైంది. చూడటానికి సొంపైన ఆట కాదు. ఒకరి గుట్టు ఒకరికి తెలిసినవాళ్ళు ఆడితే అలాగే ఉంటుంది. హాక్స్‌ఫర్డ్ ఏం చెయ్యబోతుందో ఆర్లిస్‌కు ముందే తెలుసు, ఎందుకంటే మార్లా ఆడించేదంతా ఆర్లిస్ నేర్పినదే. ఆర్లిస్ ఏం చేస్తుందో మార్లాకూ తెలుసు. బంతి వెళ్ళిన ప్రతి చోటా ఒక చెయ్యి ముందే వచ్చి ఉంది. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, పెదవులు చిట్లాయి. జోసీ "కొట్టం తలుపు" అన్నప్పుడల్లా మార్లా బెంచీ మొత్తం ఒక్క గొంతుతో "కొట్టం తలుపూ!" అని సాగదీసి వెక్కిరించింది. కెండ్రా మీద ప్రతిసారీ ఇద్దరు. బ్రిన్ ప్రతిసారీ ఒంటరిగా నిలబడింది, బుట్టకు నాలుగంగల దూరంలో, చుట్టూ ఎవరూ లేకుండా. ప్రతిసారీ ఆమె తల తిప్పి ఆర్లిస్ వైపు చూసింది. అడిగినట్టు చూసింది. ఆర్లిస్ ప్రతిసారీ చూపు తిప్పుకుంది.

అలా తిప్పుకుంటూనే ఉంది, ఆట చివరిదాకా. ఎంత మొండితనమమ్మా అని మెట్లమీద జనం కూడా గొణుక్కున్నారు. స్కోరు నలభై ఆరు, నలభై ఐదు. హాక్స్‌ఫర్డ్ ఒక్క పాయింటు ముందుంది. గడియారంలో పన్నెండు సెకన్లున్నాయి. బంతి మీడ్ క్రీక్‌ది. ఆర్లిస్ ఆట ఆపించింది.

పిల్లలు చుట్టూ మూగారు. ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. జోసీ, "కోచ్, దూరం నుంచి నేను వేసెయ్యనా?" అంది. కెండ్రా, "నేను ఇద్దర్నీ దాటుకుని పోతా," అంది. బ్రిన్ వంగి మోకాలి కట్టు సరిచేసుకుంటోంది.

ఆర్లిస్ ఆ వంగిన తల వైపు చూసింది. నలభై ఏళ్ళ కిందటి ఆ రోజులు గుర్తొచ్చాయి. నడిమి గీత, గీత అవతల తనకు కాని ఆట. తనను అక్కడ ఆపినవాళ్ళ మీద ఇన్నేళ్ళూ పళ్ళు నూరుకుంది. ఇక్కడ ఈ పిల్లను ఆపుతున్నది ఎవరు? వేరే ఎవరో కాదు కదా. ఆవిడకు కోపం వచ్చింది. మార్లా మీదా బోర్డు మీదా కాదు, తన మీదే వచ్చింది. ఆర్లిస్‌కు కోపం వస్తే మంచే జరుగుతుందని వెండెల్ ఎప్పుడూ అంటాడు.

"కొట్టం తలుపు," అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"వాళ్ళకు తెలుసు కోచ్," అంది జోసీ, ఏడుపు గొంతుతో.

"తెలియనీ. వాళ్ళకు తెలుసని మనకూ తెలుసు కదా." ఆర్లిస్ బ్రిన్ గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఒసేయ్ బ్రిన్. నిన్నటిదాకా నేను చెప్పింది నాకోసం చెప్పుకున్నానే తల్లీ. ఈసారి నావైపు చూడకు. నీ ముందు ఏముందో చూడు. ఎవరైనా ఉంటే నిలబడు, లేకపోతే నడువు. అడగక్కర్లేదు."

"నిజంగానా?"

"నేనెప్పుడైనా పరాచికాలాడానా?"

బ్రిన్ మోకాలి కట్టు వదిలేసి నిటారుగా నిలబడింది.

పిల్లలు కోర్టులోకి వెళ్తుంటే ఆర్లిస్ రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని, జిమ్మంతా అదిరేట్టు అరిచింది. "మార్లా! ఏయ్ మార్లా! కొట్టం తలుపే వస్తోంది! వినబడిందా? ఆపు చూద్దాం!"

జనం హోరెత్తారు. రిఫరీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మార్లా అటునుంచి, "ఎప్పుడు ఆపలేదు కోచ్?" అని అరిచి, తన పిల్లలకు సైగ చేసింది. పరిగెత్తే పిల్ల మీద ఇద్దరు. జట్టులో పరుగెత్తి పేరు తెచ్చుకున్నది మార్లా, అందుకే ఆమె కళ్ళు ఎప్పుడూ పరిగెత్తేవాళ్ళ మీదే ఉంటాయి. తను వేసిన అన్ని బంతుల్లో తలుపుగా నిలబడిన పిల్లల పేర్లు అడిగితే ఆమెకు రెండు గుర్తొస్తే గొప్ప.

జోసీ చెయ్యెత్తింది. కెండ్రా కదిలింది. ఇద్దరు ఆమె మీద పడ్డారు. హాక్స్‌ఫర్డ్ బెంచీ "కొట్టం తలుపూ!" అని రాగం తీసింది.

బ్రిన్ ఆర్లిస్ వైపు చూడలేదు.

ఒక్కసారి ముందుకు చూసింది, నడిచింది. పరిగెత్తలేదు, పందులకు మేత పెట్టడానికి వెళ్ళినట్టు నడిచింది. జోసీ బంతి విసిరింది. మార్లా గొంతు ఒక్కటే వినబడింది, "తలుపు! తలుపును చూడండే!" అని. అప్పటికి బంతి బుట్ట వెనక పలకకు తగిలి వలలో పడుతోంది.

ఇంకా నాలుగు సెకన్లు మిగిలాయి. హాక్స్‌ఫర్డ్ పిల్ల బంతి పట్టుకుని ఇటు చివరికి ఉరికింది. ఆమె వెనకాలే బ్రిన్, నడిమి గీత దాటి, ఆమెను మించి ముందుకొచ్చి, చేతులు రెండూ పైకెత్తి ఆ పిల్లకూ బుట్టకూ మధ్య నిలబడింది. ఈసారి మాత్రం కదలలేదు. ఆ పిల్ల వేసిన బంతి బ్రిన్ మోచేతికి తగిలి పక్కకు పోయింది. బజరు మోగింది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారో, ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం కష్టం. వెండెల్ పాప్‌కార్న్ సంచులు ఊరికే పంచిపెట్టేశాడు. బ్రిన్ వాళ్ళ నాన్న, ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, మెట్ల మీద నిలబడి టోపీ తీసి ఏడ్చాడు.

గ్రాంట్ ఫోను పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. మొహంలో సంతోషమూ ఉంది, తికమకా ఉంది. "ఆర్లిస్ గారూ, ఒకటి చెప్పనా? మీరు తిట్టకూడదు."

"చెప్పు బాబూ, ఈ పూట తిట్టను."

"వంద సార్లకు డెబ్బై రెండు. ఈ ఏడాది మొత్తంలో మనం ఇంత అధ్వాన్నంగా ఎప్పుడూ వెయ్యలేదు."

"వాళ్ళదెంత?"

గ్రాంట్ వేలితో తెర జరిపాడు. "డెబ్బై ఒకటి."

"మరింకేం!" అంది ఆర్లిస్, పగలబడి నవ్వుతూ. "నీ లెక్క తప్పని నేను ఏనాడూ అనలేదు. మనదే అందరికంటే ఎక్కువ పడిందన్నావ్, అదీ నిజమే. ఎందుకు పడిందో నాకు ఇవ్వాళ తెలిసింది. వాళ్ళు నా ఎత్తు బట్టీ పట్టలేదు, నా మొండితనం బట్టీ పట్టారు." నవ్వు ఆపింది. "కాని తలుపు మాత్రం పీకను. బోర్డుకు చెప్పు."

అంతలో మార్లా వచ్చింది. చొక్కా చేతులు మడిచి, జుట్టంతా రేగిపోయి ఉంది. ఆర్లిస్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళల్లో కోపమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"ఇది అన్యాయం కోచ్. మా రోజుల్లో తలుపు అంగుళం జరిగితే బెంచీ ఎక్కించేవారు. నా ముందు తలుపుగా నిలబడ్డ లోరీని ఎన్నిసార్లు ఏడిపించారో నాకు గుర్తుంది."

"లోరీకి ఫోన్ చేస్తా. ఇవ్వాళే చేస్తా."

"చెయ్యండి. మీ నోట ఆ మాట వింటే నమ్మదు." మార్లా ముక్కు ఎగబీల్చింది, తర్వాత గడ్డం పైకెత్తింది. ఆ గడ్డం ఎత్తడం కూడా ఆర్లిస్ దగ్గర నేర్చుకున్నదే. "చెబుతున్నా వినండి. రేపే కూర్చుని ఈ వీడియో చూస్తా. మీ తలుపు ఎటు కదులుతుందో, ఏ కాలు ముందు పెడుతుందో మొత్తం చూస్తా. వచ్చే జనవరిలో దీన్ని కూడా కట్టేస్తా. మళ్ళీ మీకు ఒక్క పాయింటు రాదు."

ఆర్లిస్ గ్రాంట్ వైపు చూడలేదు. బోర్డు ఏమంటుందో అడగలేదు. మార్లా కాలరు సవరించి, భుజం మీద ఒక్కటి చరిచింది.

"రావే," అంది. "నేనిక్కడే ఉంటా."